గిటారు ఆంప్లిఫయరులో రొద: కారణమును వెదకుట యెట్లు?

సంతోష్‌నగరులో మా వీధిలోనే ఉన్న పదవ తరగతి విద్యార్థి యొకడు మొన్నటి వేసవిలో నా వద్దకు వచ్చి, "సార్, మా ఆంప్లిఫయరు నేను వాయించకముందే పాడుతోంది. ఒకసారి వచ్చి చూస్తారా?" అని అడిగినాడు. అతడు గిటారు నేర్చుకొనుచున్నాడు. బడి వార్షికోత్సవమున వాయించుటకై ఒక పాత ఆంప్లిఫయరును సంపాదించినాడు. కంప్యూటరులోని తాళముతో కలిపి సాధన చేయవలెనని, కంప్యూటరు నుండి కూడ ఒక తీగను దానికి తగిలించినాడు. నాటి నుండి గిటారును ముట్టకపోయినను పెట్టెలో గుంయ్‌మను రొద ఆగలేదు.

మరునాడు నేను వెళ్లుసరికి గది నిశ్శబ్దముగ ఉన్నది. "రొద పోయింది సార్! మా మామయ్య స్నేహితుడొకాయన వచ్చి ఈ పిన్ను విరిచేశాడు. అంతే, పోయింది" అని సంతోషముతో ప్లగ్గును చూపినాడు. మూడు పిన్నులుండవలసిన ఆ ప్లగ్గులో లావుపాటి పిన్ను లేదు.

"గిటారు తీగలు ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమంటుందా?" అని అడిగితిని.

"కంప్యూటరు తీగ తీసేసి వాయించేటప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది సార్. చెప్పులు లేకపోతేనే."

గదిలో పరచినవి షాబాదు బండలు. అప్పుడే కడిగినందున తడిగా ఉన్నవి. పిల్లవాడు వట్టి కాళ్లతో నిలుచున్నాడు. వెంటనే గోడ స్విచ్చిని ఆపించి ప్లగ్గును ఊడదీయించితిని. రొద పోయిన మాట నిజమే. కాని దానితోపాటు పోయినదేమో ఆ పిల్లవానికి తెలియదు. ఈ వ్యాసములో రొదను వెదకు పద్ధతిని చెప్పి, దానిని ఏ విధముగ పోగొట్టరాదో కూడ చెప్పెదను.

ఆంప్లిఫయరు చేయు పని

విద్యుత్ గిటారు లోపల పికప్ అను చిన్న భాగము కలదు. అయస్కాంతముల చుట్టును వెండ్రుక వంటి సన్నని రాగితీగను కొన్ని వేల చుట్లు చుట్టిన దానినే పికప్ అందురు. పైనున్న ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము మారును. క్షేత్రము మారినపుడెల్ల తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదియే. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతమునకు అలవరచిన విద్యుత్ మాండలిన్ కూడ ఈ సూత్రము మీదనే పనిచేసినది. తీగ మీటగానే ఆరిపోవు నాదమును వర్ధకము సహాయముతో నిలిపినందుననే దానిపై దీర్ఘమైన గమకములు సాధ్యమైనవి.

పికప్ నుండి వచ్చు విద్యుత్తు బహు స్వల్పము, ఒక వోల్టులో పదవవంతు, అనగా 100 మిల్లీవోల్టులు అనుకొనుడు. 8 ఓముల లౌడుస్పీకరులో 10 వాట్ల శక్తి కావలెనన్న సుమారు 9 వోల్టులు కావలెను. అనగా ఆంప్లిఫయరు తనకు వచ్చిన దానిని 90 రెట్లు పెంచవలెను.

ఇక్కడనే చిక్కు ఉన్నది. ఆంప్లిఫయరునకు పాట ఏదో, రొద ఏదో తెలియదు. ద్వారములో ప్రవేశించిన ప్రతి దానిని అది సమానముగ పెంచును. తప్పుదారిని 1 మిల్లీవోల్టు ప్రవేశించినచో స్పీకరు వద్ద అది 90 మిల్లీవోల్టులగును. 8 ఓములలో దాని శక్తి ఒక మిల్లీవాటు మాత్రమే. అయినను నిశ్శబ్దమైన గదిలో చెవికి స్పష్టముగ వినబడుటకు ఆ మిల్లీవాటు చాలును. కాబట్టి రొదను పోగొట్టుట యనగా ఆ ఒక్క మిల్లీవోల్టు ఏ దారిని వచ్చుచున్నదో కనుగొనుటయే.

రొద చెప్పు గుర్తులు

వైద్యుడు దగ్గును బట్టి రోగమును ఊహించునట్లు, రొద యొక్క స్వభావమును బట్టి కారణమును కొంతవరకు ఊహింపవచ్చును.

మొదటిది గుంయ్‌మను మంద్రధ్వని. మన ఇండ్లకు వచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 మారులు ఆవర్తనము చెందును. దీని క్షేత్రము నేరుగా తీగలలో ప్రవేశించినచో 50 హెర్ట్జుల రొద పుట్టును. ఆంప్లిఫయరు లోపల ఈ ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగ మార్చుదురు. అప్పుడు ప్రతి ఆవర్తనములోని రెండు సగములును ఒకే దిశకు మళ్లును గనుక 100 హెర్ట్జుల అలలు మిగులును. వానిని చదును చేయుటకు పెద్ద కెపాసిటరులుండును. అవి పాతబడి ఎండిపోయినచో 100 హెర్ట్జుల రొద బయలుదేరును. వేడి వీనికి శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొలది వీని ఆయువు సగమగునని ఇంజనీర్లు లెక్క వేయుదురు. మేడమీది రేకుల గదులలో ఉంచిన ఆంప్లిఫయరులు త్వరగా ముసలివగుటకు ఇది యొక కారణము.

ఈ రెంటిని గుర్తించుటకు గిటారే ఉపకరించును. సరిగా శ్రుతి చేసిన గిటారులో లావుతీగ 82 హెర్ట్జులతో మ్రోగును. దానిని మూడవ మెట్టుపై నొక్కి మీటినచో 98 హెర్ట్జులు వచ్చును. రొద ఇంచుమించు ఆ స్వరముతో కలిసినచో అది 100 హెర్ట్జులది. ఒక స్థాయి క్రిందుగా ఉన్నచో 50 హెర్ట్జులది. అయితే చిన్న స్పీకరులు 50 హెర్ట్జులను సరిగా పలుకలేవు. అపుడు దాని గుణకములైన 100, 150 హెర్ట్జులే వినబడును. కావున ఈ పరీక్షను తొలి ఊహగనే గైకొనవలెను.

రెండవది జుయ్‌మను గరగర ధ్వని. ఫ్యానుల ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులు, కొన్ని ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జరులు విద్యుత్ప్రవాహమును ముక్కలు ముక్కలుగ కత్తిరించుచుండును. ఆ మొనదేలిన అలలలో ఎక్కువ పౌనఃపున్యములు అనేకము కలిసియుండును గనుక ధ్వని గరుకుగ ఉండును. 2జి పద్ధతిలో పనిచేయు సెల్‌ఫోను దగ్గరనున్నపుడు వినబడు టిక్‌టిక్‌టిక్ కూడ ఇట్టిదే. అది సెకనుకు సుమారు 217 మారులు ప్రసారమును వెలార్చి ఆపుచుండును.

మూడవది బుస్సుమను ధ్వని. దీనికి ఏ లోపమును కారణము కాకపోవచ్చును. ప్రతి విద్యుత్ నిరోధములోను ఎలక్ట్రానులు ఉష్ణము వలన అస్తవ్యస్తముగ కదలుచుండును. ఈ కదలిక వలన పుట్టు స్వల్ప వోల్టేజిని 1928లో జాన్సన్ తన కొలతలతోను, నైక్విస్టు తన గణితముతోను వివరించిరి. 10,000 ఓముల నిరోధములో, 20,000 హెర్ట్జుల మేరలో, మన గది ఉష్ణోగ్రత వద్ద ఇది 1.8 మైక్రోవోల్టులు. నిరోధము నూరు రెట్లయినచో ఇది పది రెట్లగును. గదిని చల్లబరచిన ప్రయోజనమేమియు లేదు. 15 డిగ్రీల చలికాలమునకును 40 డిగ్రీల వేసవికిని నడుమ భేదము నూటికి నాలుగు వంతులే. వర్ధనమును మితిమీరి పెంచకుండుటయే దీనికి మందు.

నాలుగవది చిటపట ధ్వని. మీట త్రిప్పినపుడు వచ్చినచో మీటలోపల దుమ్ము చేరినదని, తీగను కదల్చినపుడు వచ్చినచో అతుకు వదులైనదని గ్రహింపవలెను.

ఐదవది వినోదకరమైనది. కొన్ని వేళల ఆంప్లిఫయరులో రేడియో మాటలు వినబడును. నిజాము కాలమున దక్కన్ రేడియో ప్రసార కేంద్రము సంతోష్‌నగరునకు సమీపముననే సరూర్‌నగరులో ఉండెడిది. 1950లో ఆ సంస్థ ఆకాశవాణిలో కలిసినది. అట్టి శక్తిమంతమైన మధ్యతరంగ ప్రసారిణికి చేరువలో పొడవైన తీగ ఏరియలు వలె పనిచేయును. చిలుము పట్టిన అతుకు గాని, మొదటి ట్రాన్సిస్టరు గాని పాతకాలపు స్ఫటిక రేడియోలోని స్ఫటికము వలె ప్రవర్తించి, ఆ తరంగము నుండి మాటలను విడదీయును.

సగము సగముగ వెదకుట

గుర్తులను బట్టి ఊహించిన తరువాత పరీక్ష చేయవలెను. పికప్ మొదలు స్పీకరు వరకు ఎనిమిది దశలున్నవనుకొనుడు. ఒక్కొక్క దానిని పరీక్షించుచు పోయినచో ఏడుసార్లు చూడవలసి రావచ్చును. మధ్యకు విడదీసి, రొద ఏ సగములో ఉన్నదో చూచి, ఆ సగమును మరల సగము చేసినచో మూడు పరీక్షలతో ముగియును. ఒక్కొక్క పరీక్షలో ఒక్కటియే మార్చవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో దేని వలన గుణము కనబడినదో తెలియదు.

ముందుగా గిటారు తీగను ఆంప్లిఫయరు నుండి ఊడదీయుడు. రొద పోయినచో ఆంప్లిఫయరు మంచిదే, కారణము దానికి వెలుపల ఉన్నది. పోనిచో దాని ధ్వని మీటను సున్నకు త్రిప్పుడు. అప్పుడు పోయినచో లోపము లోపలి తొలి దశలలో ఉన్నది. అప్పటికిని పోనిచో విద్యుత్తును చదును చేయు భాగములో గాని, చివరి దశలో గాని ఉన్నది. ఈ రెండు సందర్భములలోను పెట్టెను విద్యార్థులు తెరువరాదు. వాల్వులు గల ఆంప్లిఫయరులలో కెపాసిటరులు ప్లగ్గు తీసిన తరువాత కూడ 300 నుండి 450 వోల్టులను కొంతకాలము నిలిపియుంచగలవు. ఆ పనిని నేర్చినవారికే విడువవలెను.

వెలుపలి కారణమని తేలినచో గిటారును మరల తగిలించి, గిటారు మీది మీటను సున్న చేయుడు. రొద ఆగినచో అది పికప్ ద్వారా వచ్చుచున్నది. ఆగనిచో కలుపుతీగను మార్చి చూడుడు. ఈ తీగలో లోపలి వాహకము చుట్టును రాగిజాలి యొక తొడుగు వలె ఉండును. చుట్టును లోహము కప్పియున్న చోటికి బయటి విద్యుత్ క్షేత్రము చొరలేదని ఫారడే 1836లో ఒక గది వంటి పంజరమును నిర్మించి చూపినాడు. జాలి తెగినచో ఆ పంజరము తెగినట్లే.

తిరిగిన కొలది మారు రొద

రొద పికప్ ద్వారా వచ్చుచున్నచో గిటారును పట్టుకొని నిలుచున్న చోటనే మెల్లగ చుట్టు తిరుగుడు. ఒక దిశలో రొద హెచ్చి, మరియొక దిశలో తగ్గినచో అది అయస్కాంత క్షేత్రము వలననే. సమీపమున ఏదో ట్రాన్స్‌ఫార్మరు గాని, మోటారు గాని ఉన్నదన్నమాట. తీగచుట్టలో నుండి దూరిపోవు క్షేత్రరేఖలే విద్యుత్తును పుట్టించును. చుట్టను ఆ రేఖలకు ఒరసి పోవునట్లు త్రిప్పినచో ఏమియు పుట్టదు. రెండడుగులు దూరము జరిగినను గొప్ప మార్పు కనబడును.

ఈ రొదనే ఒక ఉపాయముతో జయించిరి. 1955లో అమెరికాలోని గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ అను ఇంజనీరు ఒక చుట్టకు బదులు రెండు చుట్టలు గల పికప్‌ను రూపొందించినాడు. రెంటిలోను చుట్టు దిశలు ఎదురెదురు, అయస్కాంత ధ్రువములు కూడ ఎదురెదురు. దూరమునుండి వచ్చు రొదకు అయస్కాంతములతో పని లేదు. అది ఒక చుట్టలో 5 అయినచో రెండవ దానిలో ఋణ 5 అయి, మొత్తము సున్న అగును. గిటారుతీగ కంపనమునకు మాత్రము రెండు మార్పులు కలిసి, ఋణమును ఋణముతో గుణించినట్లు ధనమగును. 5ను 5ను కలిసి 10 అగును. బీజగణితములో మనము చదువు చిహ్నముల సూత్రమే ఇక్కడ సంగీతమునకు ఉపకరించినది.

తీగలను చేతితో తాకగానే రొద తగ్గినచో భయపడవలదు. మన శరీరము గదిలోని విద్యుత్ క్షేత్రమును గ్రహించి గిటారునకు అందించుచుండును. గిటారుతీగలు ఆంప్లిఫయరు చట్రము ద్వారా ఎర్తునకు కలుపబడియున్నవి. వానిని తాకినపుడు మన శరీరము కూడ ఎర్తునకు కలియును. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. గిటారు వాయించువాడు వాయించినంతసేపు ఆంప్లిఫయరు చట్రమును పట్టుకొని ఉన్నట్లే.

రెండు దారుల వలయము

ఇప్పుడు మన సంతోష్‌నగరు విద్యార్థి గదికి మరలుదము. అతని రొద కంప్యూటరు తీగను తగిలించిన నాడు మొదలైనది. ఆంప్లిఫయరు ఒక గోడ ప్లగ్గులోను, కంప్యూటరు ఎదుటి గోడ ప్లగ్గులోను ఉన్నవి. రెంటికిని ఎర్తు తీగ కలదు. ఆ రెండు ఎర్తులు ఇంటి తీగలలో ఒకచోట కలియును. రెండు యంత్రముల నడుమ ఉన్న కలుపుతీగ యొక్క రాగిజాలి వానిని మరియొకచోట కలిపినది. ఈ విధముగ గదిని చుట్టిన ఒక పెద్ద వలయము ఏర్పడినది. వలయమనగా ఒక్క చుట్టు గల తీగచుట్టయే గదా! గదిలోని 50 హెర్ట్జుల క్షేత్రము దానిలో ప్రవాహమును పుట్టించును. ఆ ప్రవాహము 20 మిల్లీ ఆంపియరులు, జాలి నిరోధము ఓములో పదవవంతు అనుకొన్నచో, 2 మిల్లీవోల్టుల రొద పాటతోపాటు ఆంప్లిఫయరులో ప్రవేశించును.

వలయమును ఎక్కడ తెంచినను రొద ఆగును. పిన్ను విరిచిన పెద్దమనిషి చేసినది అదే. కాని తెంపరాని చోట తెంచినాడు.

విరిచిన పిన్ను

మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగిలిన రెంటికంటె పొడవుగను లావుగను ఉండుట మీరు చూచియుందురు. ప్లగ్గు పెట్టునపుడు అది అన్నింటికంటె ముందు తగులవలెను, తీయునపుడు అన్నింటికంటె చివర వదలవలెను. ఆంప్లిఫయరు లోపల ఫేజు తీగ తొడుగు చెడి చట్రమునకు తగిలినచో, ఎర్తు తీగ ద్వారా పెద్ద ప్రవాహము పారి ఫ్యూజు పోవును. ఎర్తు లేనిచో ఫ్యూజు పోదు. చట్రము 230 వోల్టులతో అట్లే నిలిచియుండును. దానికి కలిసిన గిటారుతీగలును అంతే. తడి నేలపై వట్టి కాళ్లతో నిలిచినవాని శరీర నిరోధము 2,000 ఓములైనచో, ఓము సూత్రము ప్రకారము 115 మిల్లీ ఆంపియరులు పారును. ఒక మిల్లీ ఆంపియరు జివ్వుమనిపించును. 10 నుండి 20 వరకు పారినచో కండరములు బిగిసి పట్టు వదలలేము. 100 మిల్లీ ఆంపియరులు గుండె గుండా పారినచో ప్రాణము దక్కుట కష్టము.

మన విద్యార్థికి కంప్యూటరు తీగ ఉన్నంతసేపు ఆంప్లిఫయరునకు దాని రాగిజాలి ద్వారా ఎర్తు అందుచుండెను. అందుచేత ఏమియు తెలియలేదు. ఆ తీగ తీసిన క్షణము నుండి చట్రము ఆధారము లేక తేలిపోయినది. చీమ కుట్టినట్లు తోచినది లోపలి భాగముల నుండి ఊరి వచ్చు స్వల్ప విద్యుత్తు. ఏదో ఒకనాడు తొడుగు చెడినచో అది చీమకాటుతో ఆగదు. 1972 మే 3వ తేదీన బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున లెస్ హార్వీ అను గిటారు విద్వాంసుడు వేదికపై గిటారు పట్టుకొని, సరియైన ఎర్తు లేని మైక్రోఫోనును తాకి, ప్రేక్షకుల యెదుటనే మరణించినాడు.

మన ప్రాంతమున ఎర్తు విషయమై మరింత జాగ్రత్త అవసరము. హైదరాబాదు నల్లరాతి బండల మీద నిలిచిన నగరము. అనేక చోట్ల పైమట్టి లోతు తక్కువ, రాయి విద్యుత్తును సులభముగ పోనీయదు. అందుకే ఎర్తు గోతిలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయుదురు. వేసవిలో గొయ్యి ఎండినచో ఎర్తు కూడ బలహీనపడును. అప్పుడప్పుడు నీరు పోయుట, 30 మిల్లీ ఆంపియరుల కారుడు వద్దనే విద్యుత్తును ఆపివేయు రక్షక స్విచ్చిని అమర్చుకొనుట ప్రతి ఇంటికిని, ప్రతి బడికిని మేలు.

తెంపవలసిన చోటు

మేము మొదట ఆంప్లిఫయరునకు క్రొత్త మూడు పిన్నుల ప్లగ్గును బిగించి, ఎర్తు తీగ చట్రము వరకు అందుచున్నదని మీటరుతో చూచితిమి. రొద మరల వచ్చినది. తరువాత కంప్యూటరు ప్లగ్గును, ఆంప్లిఫయరు ప్లగ్గును ఒకే బోర్డునకు తెచ్చి, కలుపుతీగను వాని ప్రక్కనే నడిపించితిమి. గదియంత వలయము జానెడు వలయమైనది. రొద చాలవరకు తగ్గినది. మిగిలిన కొద్దిపాటి రొదకు కలుపుతీగ మధ్య, పాట సాగు దారిలో, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరును పెట్టితిమి. దాని రెండు చుట్టల నడుమ లోహపు కలయిక లేదు. పాట అయస్కాంత క్షేత్రముగ మారి దాటిపోవును, వలయము మాత్రము తెగును. రెండు ఎర్తులును చెక్కుచెదరలేదు. స్పీకరులో సన్నని బుస్సు తప్ప ఏమియు మిగులలేదు.

తరగతిలో ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని బ్యాటరీతో పనిచేయు చిన్న ఆంప్లిఫయరుతో నిర్భయముగ చూపవచ్చును. పెద్ద ఇనుప మేకుపై ఎనామెలు రాగితీగను కొన్ని వందల చుట్లు చుట్టి, కొనలను మైక్రోఫోను ద్వారమునకు కలుపుడు. చుట్టను తిరుగుచున్న టేబులు ఫ్యాను వెలుపలి భాగమునకు గాని, మూసియున్న చార్జరునకు గాని చేరువగ తెచ్చినచో రొద వినబడును. దూరమును, దిశను మార్చి విద్యార్థులచే వినిపింపుడు. తరువాత అట్టిదే రెండవ చుట్టను ఎదురు దిశలో వరుసగ కలిపి, రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి, రొద తగ్గుటను చూపుడు. ప్రేరణ, దిశ, చిహ్నములు అను మూడు పాఠములు ఒక్క గంటలో చెవికెక్కును.

వార్షికోత్సవము నాడు ఆ పిల్లవాడు వేదిక ఎక్కకముందు బోర్డు వద్ద వంగి ఏదో చూచుట గమనించి, "ఏమిరా?" అని అడిగితిని. "మూడు పిన్నులు ఉన్నాయో లేదో చూస్తున్నా సార్" అన్నాడు. తరువాత చెప్పులు వేసుకొని వాయించినాడు.